తుమ్మలొద్ది ముక్కు దగ్గర ఒక లొట్టి

నమోదు 1. ఉదయం 4:50. ఈదులగుట్ట, చెట్టు నంబరు 212. కొలత 0.1

ద్రవం పట్టుకుని ఊరు దాటే ప్రతి మనిషీ ఆగిన చోటల్లా చిట్టా రాయాలని చట్టం. సమయం, స్థలం, కొలత అంటే ద్రవంలో మత్తు శాతం, వివరాలు అని నాలుగు గడులు. అబద్ధం రాస్తే ఆరు నెలలు లోపలేస్తారు. మొదటి మూడు గడులూ బండే నింపుకుంటుంది, కొలతను నేను ముంచే కొలపుల్ల నుంచి తీసుకుంటుంది. నాలుగోది మాత్రం మనిషికి వదిలేశారు. వదిలేశారు కాబట్టి నా నోటికి వచ్చినంతా రాస్తాను, చదివేవాళ్లు కాస్త ఓపిక చేసుకోవాలి.

పేరు సాన్విక. వయసు నలభై తొమ్మిది. వృత్తి తాళ్లు గీయడం. తీసుకెళ్తున్నది మూడు లీటర్ల నీరా. వెళ్తున్నది పెద్దరేగడికి, మా ఆడబిడ్డ కృతిక ఇంటికి. కారణం, మా అత్త రజితమ్మ మొన్న అక్కడ చనిపోయింది. మా ఆయన లోహిత్ అప్పుడే వెళ్లి అక్కడే ఉన్నాడు. నేను కూడా వెళ్లి మట్టి వేసి, ఈ చెట్టు కోసం నిన్న రాత్రి తిరిగొచ్చాను.

ఈ రోజు మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన చోట విస్తట్లో పెట్టి, అందరం దూరంగా జరిగి నిలబడతాం. కాకో గోరింకో వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అసలే ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. పొద్దు నడినెత్తికి రాకముందే పెట్టాలి. మా అత్తకు ఏది ఇష్టమో ఈదులగుట్టలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఈ 212 నంబరు చెట్టు కల్లు. మామ ఈ చెట్టు మీది నుంచే పడి నడుము విరగ్గొట్టుకుంటే చెట్టెక్కే మోకు ఆమె భుజానికెత్తుకుంది. ఆమె మోకాళ్లు అరిగాక నా భుజానికి వేసింది. నాకు చెట్టెక్కడం నేర్పింది ఆమే, ఎక్కిన ప్రతిసారీ కింద నిలబడి తిట్టిందీ ఆమే.

పెద్దరేగడి పొడి ఊరు. అక్కడ చుక్క కల్లు దొరికినా కేసే. కర్మకు గిద్దెడు అనుమతి ఇస్తారు గానీ, దరఖాస్తు కర్మకు ఏడు రోజుల ముందు పెట్టుకోవాలట. కర్మ మూడో రోజు. అంటే చచ్చేవాళ్లు ఐదు రోజుల ముందే మండలాఫీసుకు వెళ్లి చెప్పి, రసీదు తీసుకుని చావాలన్నమాట. మా అత్తకు అంత బుద్ధి లేకపోయింది.

అందుకే నీరా, అంటే పులియకముందు కల్లు. నీరాకు ఎక్కడా నిషేధం లేదు, పసిపిల్లలకు కూడా పడతారు. సరిహద్దు దగ్గర కొలత ఒకటి లోపు ఉంటే ఏ ఊరైనా దాటవచ్చు. దాటాక అది ఇంట్లో కూర్చుని తనంతట తాను పులిస్తే ఆపే చట్టం ఇంకా రాలేదు. నేను మొత్తం చదివాను. ఎనిమిదింపావుకు చివరి సరిహద్దు దాటుతాను, అప్పటికి 0.7 అవుతుంది. పదకొండుకు నురుగు కడుతుంది. దొంగతనం ఏమీ లేదు, చట్టం చెప్పినట్టే నడుస్తున్నాను.

రాత్రి సున్నం పూసిన కొత్త కుండ కట్టాను. దించాక మాత్రం మా అత్త కల్లు పట్టే లొట్టిలోకి వంపాను. ముప్ఫై ఏళ్ల లొట్టి అది, మెడ దగ్గర ఆమె బొటనవేలు పట్టిన చోట నున్నగా అరిగిపోయింది. స్టీలు డబ్బాలో పోసుకొచ్చి పెడితే ఆమె లేచి కూర్చుని తిడుతుంది.

నమోదు 2. ఉదయం 6:10. గవ్వలవాగు సరిహద్దు. కొలత 0.2

తడి ఊరు. ఇక్కడి ముక్కు నిద్రపోతుంది.

ముక్కు అంటే రోడ్డు పక్కన మనిషెత్తు స్తంభం. దానికో చీలిక, ఆ చీలికలోంచి గాలి పీలుస్తుంది. పొడి ఊరి ముక్కు దగ్గరికి రాగానే బండి దానంతట అదే ఆగిపోతుంది. బండి నాది, బ్రేకు మాత్రం దానిది. ఆరు నెలలకోసారి ఊరి వాళ్లు ఓటేసి పొడో తడో తేల్చుకుంటారు. పొద్దున తడిగా ఉన్న ఊరు సాయంత్రానికి పొడి అయినా మనం తెలుసుకునే తిరగాలి.

నిషేధం కోరే ఆడవాళ్లను నేను ఒక్క మాట అనను. మా అత్త కూడా ఒకసారి పొడికే ఓటేసింది. మా మరిది సీసా మందుకు బలైన ఏడాది అది. ఆమె ఓటేసింది సీసాకు వ్యతిరేకంగా, చెట్టుకు కాదు. కాగితం మీద ఒకటే గడి ఉంది, ఏం చేస్తుంది? బయటికొచ్చి నా కొంగు పట్టుకుని, “నా చెట్టు నేనే కొట్టేసుకున్ననే సాన్వీ,” అని ఏడ్చింది. ఆ సారి ఈదులగుట్టలో పొడి ఓడిపోయింది. ఓడినందుకు మా ఇద్దరికంటే ఎక్కువ సంతోషించినవాళ్లు లేరు.

లోహిత్ ఫోన్ చేశాడు. “ఎందాక వచ్చినవ్? అందరు కూసున్నరు. చిన్నాయనకు షుగరు, జర జల్ది రా,” అన్నాడు. చిన్నాయన అంటే మా మామ తమ్ముడు. ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉంటానని చెప్పాను.

నమోదు 3. ఉదయం 7:00. తుమ్మలొద్ది సరిహద్దు. ముక్కు కొలత 1.4. నా కొలపుల్ల 0.4

పొడి ఊరు. బండి ఆగింది. ఎర్రలైటు వెలిగింది. పక్కనున్న పోలీసు గది నుంచి హెడ్ కానిస్టేబుల్ ఒకాయన వచ్చాడు. చొక్కా మీద తనుష్ అని ఉంది. నాకంటే రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు, దవడలో తాంబూలం.

“దిగమ్మా. ముక్కు ఒకటీ నాలుగు అంటుంది.”

“నా పుల్ల సున్నా నాలుగు అంటుంది సార్. చూడుండ్రి.”

“నీ పుల్లకు ముద్ర లేదు.”

“ముద్ర లేకపోతె పోయె, మీకు కండ్లున్నయ్ గద సార్. లొట్టిల చూడుండ్రి. నురుగున్నదా? పొంగున్నదా?”

ఆయన వంగి చూశాడు, వాసన పట్టాడు. లొట్టి గోడను గోటితో గీరి ఆ గోరు కూడా వాసన చూశాడు.  తప్పు ఎక్కడ చేశానో ఆయన కంటే ముందు నాకే తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్లు కల్లు తాగిన మట్టి అది. ఎన్నిసార్లు కడిగినా దాని ఒంట్లో కల్లు ఉంటుంది. ముక్కు పీల్చింది నీరాను కాదు, లొట్టిని. పైగా ఆ లొట్టిలో నీరా పడితే మామూలు కంటే తొందరగా పులుస్తుంది. తాళ్లు గీసే ఇంట్లో కోడలినై ఉండి ఈ మాత్రం తట్టలేదు నాకు. అత్త మీద ప్రేమతో కళ్లు మూసుకుపోయాయి.

“కుండ వాసనే,” అన్నాడు తనుష్ మెల్లగా. “నాకెర్క. మా తాత గూడ గీసేటోడు. కని ముక్కు రాసినంక నేనెట్ల కొట్టేయాలమ్మా? ఒక పని జెయ్యి. ఒప్పుకోలు మీద ఏలు వెట్టు. అయిదు నిమిషాల్ల పారబోసి పంపిస్తం. నీ పేరు జాబితల ఎక్కుతది, అంతే.”

అంతేనట. జాబితాలో పేరెక్కితే రెండేళ్లు చెట్టెక్కకూడదు. అది కూడా తర్వాతి సంగతి. లొట్టి ఖాళీ అయితే నేను పెద్దరేగడికి వెళ్లి ఏం చేయాలి? నేను ప్రయాణ కార్డు తిప్పి వెనకవైపు చూపించాను. ప్రయాణికుల హక్కులు నాలుగు అచ్చేసి ఉన్నాయి. ఆపిన కారణం రాతపూర్వకంగా అడగవచ్చు. ముక్కు కొలతను ఒప్పుకోకపోతే మనిషి చేతి పరీక్ష అడగవచ్చు. పరీక్ష అయ్యేదాకా సరుకు పారబోయకూడదు. ఒక ఫోను చేసుకోవచ్చు.

“నాకు హక్కులున్నయ్ సార్,” అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “ఉన్నయమ్మా. ఎందుకు లెవ్వు?” అన్నాడు.

నమోదు 4. ఉదయం 7:40. తుమ్మలొద్ది. నా కొలపుల్ల 0.5

ఫోను తీసేసుకుని సొరుగులో పెట్టారు. ఒక ఫోను హక్కు కదా, అది నేను వాడుకునేటప్పుడు ఇస్తారట.

ఎస్సై పేరు ధృతి. ముప్ఫై లోపే ఉంటుంది. అరవదు, కసరదు. కుర్చీ వేయించి మంచినీళ్లు తెప్పించింది. ఇన్నేళ్లలో నాకు ఇంత మర్యాద చేసిన పోలీసులు లేరు, దాంతోనే నాకు సగం భయం పట్టుకుంది. కేకలేసేవాడితో మనమూ కేకలేయవచ్చు.

“కారణం రాతలో కావాలన్నారట మేడం. మీ హక్కు అది. జిల్లా నుంచి కాగితం రావాలి. అరగంట పడుతుంది.”

“అరగంటల ఇది పులుస్తది మేడం.”

“అది మీ సరుకు స్వభావం కదా. దానికి నేనేం చేయగలను?”

“ఎవరన్న చచ్చిపోతె గూడ గింతేనా? పెద్దరేగడిల మా అత్తకు పిట్టకు పెట్టాలె. అందరు ఎదురుచూస్తున్నరు.”

ఆమె నిజంగానే నొచ్చుకుంది, ముఖం చూస్తే తెలిసింది. “అయ్యో. కర్మ అనుమతి తీసుకోలేదా? ఏడు రోజుల ముందు పెట్టుకుంటే ఇచ్చేవాళ్లు,” అంది.

నేను కార్డు తిప్పి మిగిలిన హక్కులు మళ్లీ చదువుకున్నాను.

నమోదు 5. ఉదయం 8:30. తుమ్మలొద్ది. నా కొలపుల్ల 0.7

కాగితం వచ్చింది. ఆపిన కారణం: వాసన. ఒక్క మాట రాయడానికి యాభై నిమిషాలు. ఆ పక్కన “ప్రయాణికురాలి కోరిక మేరకు జారీ చేయబడింది” అని రెండు వరుసలు. ఆలస్యం నా కోరికేనన్నమాట.

ఈ సమయానికి నేను పెద్దరేగడిలో ఉండాల్సింది. విస్తరి పరిచి, మటన్ కూర, గారెలు, ఆమె కాల్చే బీడీల కట్ట పక్కన లొట్టి పెట్టాల్సింది.

రెండో హక్కు వాడుకున్నాను. చేతి పరీక్ష కావాలన్నాను. పరీక్ష పెట్టె కొంగరేవు ఠాణాలో ఉందట. దాన్ని తేవడానికి ముద్ర ఉన్న మనిషే వెళ్లాలట. ఆ మనిషి టిఫిను చేస్తున్నాడట.

లొట్టిని ఎండలోంచి జరుపుతానంటే సాక్ష్యం కదిలించకూడదన్నారు. నా కొంగు చించి తడిపి చుట్టాను. తడిపితే కదిలించినట్టు కాదట, అదొక్కటే దయ.

తనుష్ జేబులోంచి తాంబూలం డబ్బా తీసి ఆకుకు సున్నం రాస్తున్నాడు. సున్నం చూడగానే ప్రాణం లేచొచ్చింది. “సార్, చిటికెడు సున్నం ఇయ్యిండ్రి. లొట్టిల ఏస్త. పులుపు ఆగుతది,” అని బతిమాలాను. ఆయనకూ అది తెలుసు. వేలిమీద ఇంత సున్నం తీసి నా వైపు ఒక అడుగు వేశాడు కూడా.

“తనుష్ గారూ, అది సాక్ష్యాన్ని తారుమారు చేయడం అవుతుంది,” అంది ధృతి లోపలి నుంచే.

ఆయన ఆ సున్నాన్ని తన ఆకుకే రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన దవడ కదలడం చూస్తూ నిలబడ్డాను. తల కొట్టుకోవాలనిపించింది.

నమోదు 6. ఉదయం 9:30. తుమ్మలొద్ది. నా కొలపుల్ల 1.1

లొట్టి మెడ దగ్గర సన్నగా నురుగు మొదలైంది. ఎక్కడో లోపల బుడగలు చిటచిటలాడుతున్నాయి.

రాసి పెట్టుకోండి. తొమ్మిదీ ఇరవై దాకా నేను ఏ నేరమూ చేయలేదు. తొమ్మిదీ ఇరవై నిమిషాలకు పుల్ల ఒకటి దాటి నేను నేరస్తురాలినయ్యాను, అది కూడా పోలీసులు వేసిన కుర్చీలో కూర్చుని. ఇంట్లో నుంచి బయల్దేరింది సాన్విక. ఇక్కడ కూర్చున్నది నిందితురాలు. మధ్యలో నేను చేసిన పనల్లా హక్కు అడగడం.

పక్క నుంచి ఒకడు వచ్చాడు, బండి సీటు కింద నాలుగు సీసాలు. ముక్కు తొమ్మిది అంది. వాడు దిగలేదు కూడా, కిటికీలోంచి చెయ్యి చాపి ఒప్పుకోలు మీద వేలు పెట్టి, సీసాలు అప్పగించి, ఈల వేసుకుంటూ పోయాడు. అయిదు నిమిషాలు. జాబితాలో పేరెక్కితే వాడికేం? వాడు చెట్టెక్కేవాడు కాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. వీళ్లు ఇంకా ముందుకెళ్లారు. పాలగ్లాసు చేతిలో ఉండగా పట్టుకుని, అది కల్లయ్యేదాకా చెయ్యి వదలరు.

“ఇప్పుడన్న ఏలు వెట్టమ్మా,” అన్నాడు తనుష్ దగ్గరికొచ్చి. “పెట్టె వచ్చేసరికి కొలత రెండు దాటుతది. అప్పుడు సంతకం వెట్టకపోతె ఇడువరు.”

“ఏడింటికి సున్నా నాలుగున్నదని మీకెర్కేగా సార్?”

“ఎర్కే.”

“మరి గా మాట రాస్తరా?”

ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. “రాసే గడి లేదు చెల్లె,” అన్నాడు. మొదటిసారి చెల్లె అన్నాడు. దాంతో నాకు కోపం ఇంకా పెరిగింది.

నమోదు 7. ఉదయం 10:50. తుమ్మలొద్ది. చేతి పరీక్ష 2.6

పెట్టె వచ్చింది. పరీక్ష చేసినవాడు చాలా జాగ్రత్తగా చేశాడు, తప్పు పట్టడానికి లేదు. మూడుసార్లు ముంచి మూడుసార్లు రాశాడు. రెండు పాయింటు ఆరు.

ధృతి చిరునవ్వుతో కాగితం నా ముందు పెట్టింది. “చూశారా మేడం, ముక్కు ఒకటీ నాలుగే చెప్పింది. చేతి పరీక్షలో ఇంకా ఎక్కువే ఉంది. ముక్కు మీకు మేలే చేసింది.”

కాగితంలో పరీక్ష సమయం ఉదయం 7:00 అని ఉంది. నేను వేలు పెట్టి చూపించాను. “మేడం, ఇప్పుడు పదకొండయితుంది. ఏడని రాసిండ్రేంది?”

“కేసు ఏడింటికి మొదలైంది కదా. పరీక్ష ఎప్పుడు జరిగినా కేసు సమయమే పడుతుంది. ఫారం అలాగే ఉంటుంది.”

“అంటె పొద్దుగాల ఏడింటికే ఇది కల్లు అని నేను ఒప్పుకున్నట్టా?”

“సంతకం పెడితే ఒప్పుకున్నట్టు. పెడితే వెంటనే వెళ్లిపోవచ్చు, పేరు జాబితాలో ఉంటుంది. పెట్టకపోతే సోమవారం దాకా ఇక్కడే ఉండాలి. అది కూడా మీ హక్కే.”

ఫారంలో ఆ ఏడు అంకె వేసింది తనుషే. పెన్ను పట్టుకున్న ఆయన చెయ్యి ఏడు మీద ఒక్క క్షణం ఆగింది, ఆగి రాసింది. నేను చూశాను, నేను చూడడం ఆయన చూశాడు.

లొట్టి వైపు చూశాను. నురుగు మెడ దాకా పొంగింది, చిక్కటి తెల్లటి నురుగు. ఆ వాసన గదంతా కమ్మింది. పుల్లగా కాదు, తియ్యగా కాదు, మధ్యలో అత్తకు సరిగ్గా ఎలా కావాలో అలా పండింది. “గిప్పుడు అయిందే సాన్వీ, గిప్పుడు పొయ్యి,” అనేది ఆమె. నా గీతలో ఇంత మంచి కల్లు ఎప్పుడూ దిగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పోలీసుల ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

సంతకం మాత్రం పెట్టలేదు. పెట్టి వెళ్లినా చేతిలో ఏముంటుంది?

నమోదు 8. ఉదయం 11:30. తుమ్మలొద్ది. కొలత లేదు

పరీక్ష అయిపోయింది కాబట్టి మూడో హక్కు కూడా అయిపోయింది.

గది వెనక మూత ఉన్న తొట్టి ఒకటి ఉంది. అందులో నీలం మందు నీళ్లు. మనుషులు గానీ జంతువులు గానీ తాగకుండా కల్లును అందులోనే పారబోయాలి. “నేల మీద పోయిండ్రి సార్, ఒక్క గ్లాసు. బయట, గా చెట్టు కింద. పిట్ట చూస్తె చూస్తది, లేకుంటె లేదు,” అన్నాను. నేను జీవితంలో ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ధృతి కాళ్ల దగ్గరికి వంగాను. ఆమె గబుక్కున వెనక్కి జరిగి, “అలా చేయకండి మేడం, నాకు పాపం తగులుతుంది,” అంది. పాపానికి భయపడింది గానీ తొట్టి మూత తెరిపించింది.

మూడు లీటర్లు పోయడానికి ఎంతసేపు? నురుగు నీలంగా మారి లోపలికి పోయింది. మూత పడింది. పాత్రను తిరిగి వాడకుండా చేయాలని ఇంకో నిబంధన. తనుష్ లొట్టిని రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు. ముప్ఫై ఏళ్లు కాలిన మట్టి, గట్టిది. మూడో దెబ్బకు పగిలింది.

ఎవరినీ తిట్టలేదు నేను. తిట్టడానికి ఒక మనిషి కావాలి. ఇక్కడ అందరూ మంచివాళ్లే, అందరూ ఫారాలు నింపుతున్నారు. నా చేతిలో నాలుగు హక్కుల కార్డు ఉంది. దాన్ని విస్తట్లో పెడితే ఏ కాకి ముడుతుంది?

నమోదు 9. మధ్యాహ్నం 12:40. తుమ్మలొద్ది. కొలత లేదు

ఒక ఫోను మిగిలింది. వకీలుకు చేయమని ధృతి సలహా ఇచ్చింది, మంచి వకీలు నంబరు కూడా రాసిచ్చింది. వకీలుకు చేస్తే సోమవారం దాకా ఉండే పని తప్పుతుందేమో.

పొద్దు నడినెత్తి దాటింది. అక్కడ ఇంకా ఎవరూ తిని ఉండరు. నేను లోహిత్‌కే చేశాను.

ఒక్క రింగుకే ఎత్తాడు. “యాడున్నవే? సచ్చినవా బతికినవా? ఫోను ఎత్తవేంది?” అని అరిచాడు. వెనక ఎవరో పిల్ల ఏడుస్తోంది.

“పిట్ట ముట్టిందా?” అని అడిగాను.

“యాడ ముడుతది? మూడుసార్లు జరిగి నిలవడ్డం. కాకి వస్తుంది, గోడ మీద కూసుంటుంది, దిగుతలేదు. మటన్ పెట్టినం, గారెలు పెట్టినం, బీడీ అంటించి పెట్టినం. కృతిక సల్లటి నీళ్లు గూడ పోసింది. అందరు ఒక్కటే మాట, కల్లు లేంది ముసల్ది కదలదని. చిన్నాయనకు కండ్లు తిరిగి పడిపోయిండు. అయినా తినడట. వదినె తినకుండ నేనెట్ల తింట అంటుండు. సాన్వీ, ఎంతసేపట్ల వస్తవ్?”

ఎంతసేపటికని చెప్పను? సోమవారమని చెప్పనా? తొట్టి సంగతి చెప్పనా? చిన్నాయనకు డెబ్భై నాలుగేళ్లు. షుగరు మాత్రలేసుకుని ఖాళీ కడుపుతో ఎండలో కూర్చున్నాడు.

“లోహీ, ఇను,” అన్నాను. “నన్ను తుమ్మలొద్దిల ఆపిండ్రు. నేను ఇక రాలేను. కని అత్తకు ఈడ్నే పోసిన. చెట్టు కింద ఆకుల పోసి దూరం జరిగిన. గోరింక వచ్చింది. తాగింది.”

 లోహిత్ చిన్న గొంతుతో అడిగాడు. “నిజమా? పోలీసోళ్లు పోయనిచ్చిండ్రా? నా మీద ఒట్టు?”

నేను ఒట్టు వేయలేకపోయాను.  లోహిత్ మీద ఒట్టు వేసి వాళ్లమ్మ గురించి ఎలా అబద్ధమాడను? అప్పుడు తనుష్ లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

“హలో తమ్మీ, నేను హెడ్ కానిస్టేబుల్ను మాట్లాడుతున్న. నీ భార్య చెప్పింది నిజమే. నేను పక్కనే నిలవడి చూసిన. గోరింక కాదు, రెండు గోరింకలు. మంచిగ తాగినయ్. ఇగ మీరు తినుండ్రి. పెద్దాయనకు ముందు పెట్టుండ్రి.”

ధృతి తల ఎత్తి చూసింది. ఏమీ అనలేదు. ఆ మాట రాసే ఫారం ఏదీ ఆమె బల్ల మీద లేదు.

నమోదు 10. మధ్యాహ్నం 1:15. తుమ్మలొద్ది. కొలత లేదు

పొద్దున ఏడింటికి ఉన్న నిజం చెప్పమంటే ఆయనకు గడి దొరకలేదు. అబద్ధం చెప్పడానికి మాత్రం ఏ గడీ అవసరం లేకపోయింది. ఆయనకు దండం పెట్టాలో, ముఖం మీద ఉమ్మాలో తెలియలేదు. రెండూ చేయలేదు. ఆయన అన్నం డబ్బా తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో అడగకుండా ఆయన కూడా తన డబ్బా మూసేశాడు.

నేను ఒక్కదాన్నే చెప్పి ఉంటే లోహిత్ నమ్మేవాడు కాదు. పోలీసు మాట కాబట్టి నమ్మాడు. ఫోను పెట్టేసేముందు మా ఆయన వెనక్కి తిరిగి, “ముట్టిందట! అమ్మ తాగిందట! లెవ్వుండ్రి, తినుండ్రి!” అని కేకేయడం నాకు వినిపించింది. ఎవరో గట్టిగా ఏడ్చారు, సంతోషంతోనే. విస్తళ్లు పరిచే చప్పుడు కూడా వినిపించింది.

ఫోనులో చెప్పింది అబద్ధం. చిట్టాలో అబద్ధం రాయను. ఏ పిట్టా రాలేదు, ఏ పిట్టా ముట్టలేదు.

అత్తా, వాళ్లంతా ఇప్పుడు తింటున్నారు. నువ్వు తాగి పోయావనే అనుకుంటున్నారు. నువ్వు ఇంకా దాహంతోనే ఉన్నావన్న సంగతి ఈ లోకంలో ఇద్దరికే పట్టింది, నాకూ, నీ లొట్టి పగలగొట్టిన మనిషికీ.